కూర్చునే ముందు

“కూర్చోవద్దు. ముందు నిలబడి విను. విన్నాక కూర్చోవాలనిపిస్తే కూర్చో. లేదంటే రెండు గంటల బస్సుండాది, ఊరికి పో.”

నన్ను బతికించిన మనిషి నాతో అన్న మొదటి మాటలివి. మర్యాద అనేది ఈమె ఇంటి చుట్టుపక్కలకు కూడా రాలేదని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు ఆమె పోయాక, అంత మర్యాద గల మనిషిని నేను మరొకరిని చూడలేదనిపిస్తోంది.

ఆళ్లగడ్డలో నాది చిన్న పుస్తకాల అంగడి. మొన్న స్కూళ్లు తెరిచే ముందు నోటుపుస్తకాల కట్టల కోసం నంద్యాల పోయాను. పని అయ్యాక ఎప్పటిలాగే చర్చి వెనక సందులోకి నడిచాను. లోపలికి పోవడానికి కాదు. ఆమె కూర్చునే గది తలుపు మూసి ఉందా లేదా అని చూసి రావడం నాకు అలవాటు. మూసి ఉంటే లోపల ఎవరో మాట్లాడుతున్నారని అర్థం. అది చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. మొన్న తలుపు బార్లా తెరిచి ఉంది. రెండు స్టూళ్లూ బయట ఎండలో ఉన్నాయి. లోపల ఒకాయన గోడలకు సున్నం కొడుతున్నాడు. టీచరమ్మ ఏదని అడిగితే కుంచె ఆపకుండానే, “పోయి పన్నెండు దినాలాయ గదప్పా” అన్నాడు.

స్టూలు మీద కూర్చోబోయాను. మళ్లీ ఆగాను. ఆమె చెప్పకుండా దాని మీద కూర్చోకూడదు. కాసేపు అక్కడే నిలబడి వచ్చేశాను.

ఆమె పేరు రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. ఊళ్లో అందరూ మాటల టీచరమ్మ అనేవారు, సగం ఎగతాళిగా. కొన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పి, మద్రాసు వైపు పోయి, మనుషుల కష్టం వినే ఈ పని నేర్చుకుని వచ్చింది. అప్పట్లో మా వైపు ఈ పనికి పేరు కూడా లేదు. జ్వరమొస్తే డాక్టరు, గాలి సోకితే తాయెత్తు, తగాదా వస్తే పెద్దమనుషులు. మనసు విరిగినవాడికి మాత్రం, పనిలో పడితే అదే పోతుందిలే అనే మాట ఒక్కటే మందు. ఆమె గదిలో రెండు స్టూళ్లు, నీళ్ల కుండ, ఇద్దరికీ కనిపించేలా కిటికీలో పెట్టిన టైంపీసు. అంతే. ముతక గళ్ల చీర, రబ్బరు చెప్పులు, పొడుగ్గా నల్లగా, నవ్వడం మరిచిపోయినట్టుండే ముఖం.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేవి ఆమె చేతులు. మా వైపు ఆడవాళ్లు ఎదుటివాళ్ల కష్టం వినేటప్పుడు బియ్యంలో రాళ్లేరుతూనో, శనక్కాయలు ఒలుస్తూనో వింటారు. అలా వింటే చెప్పేవాడికీ సులువు. ఈమె రెండు చేతులూ ఒళ్లో ఖాళీగా పెట్టుకుని కూర్చునేది. ఏ పనీ చేయకుండా ఒక మనిషి మన మాట వినడం ఎంత భయంగా ఉంటుందో ఆ గదిలోనే తెలిసింది.

నేను అక్కడికి ఎందుకు పోయానో చెప్పాలి. డెబ్బైల చివర్లో, నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, మా కళ్లంలో నేను ట్రాక్టరు వెనక్కి తీస్తుంటే మా అన్న కూతురు ట్రాలీ కింద పడింది. మూడున్నరేళ్ల పిల్ల. చిన్నాయనా అంటూ నా చుట్టే తిరిగేది. ఇంతకు మించి వివరంగా ఒక్క మనిషికే చెప్పాను, ఇక్కడ చెప్పను. పక్కన చిన్న ఇత్తడి చెంబు ఒకటి దొర్లి, నేల తడిసి ఉంది. కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది ఆ చెంబే.

ఇంట్లో నన్ను ఎవరూ తిట్టలేదు. అన్న తిట్టలేదు, నాయన తిట్టలేదు. వదిన నా ముఖం చూడడం మానేసింది. అన్నం పెట్టేది, కంచం కింద పెట్టి వెళ్లిపోయేది. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది. కొట్టినవాళ్లు ఎప్పటికో ఒకప్పటికి చాలిస్తారు. ఆ మౌనానికి చాలించడం లేదు.

ఆరు నెలలకు నేను కట్టెపుల్లనయ్యాను. తిండి లేదు, నిద్ర లేదు. నాయన నన్ను యాగంటికి తీసుకుపోయి కోనేట్లో ముంచాడు. రెండు చోట్ల తాయెత్తు కట్టించాడు. ఇంట్లో పసిబిడ్డ అలా పోతే, ఆ బిడ్డ ఎవర్నో ఒకర్ని పట్టుకుంటుందని మా వైపు నమ్మకం. అందుకని ఆస్పత్రి నర్సమ్మ ఒకామె టీచరమ్మ సంగతి చెప్పగానే, ఈమె కూడా పట్టిన దాన్ని విడిపించే మనిషేనని నాయన తీర్మానించుకున్నాడు. ఐదు నిమ్మకాయలు తువ్వాల్లో మూట గట్టుకుని మరీ బయలుదేరాడు.

ఆమె నిమ్మకాయల వంక చూసింది. ఎండాకాలం పనికొస్తాయి, ఇంటికి తీసుకుపొమ్మంది. నాయనను బయట కానుగ చెట్టు కింద కూర్చోమంది. వాడు నోరు తెరవడమ్మా, వాడి సంగతంతా నేను చెప్తానన్నాడు నాయన.

“తెరవకుంటే గమ్మునుంటాడు పెద్దాయనా. గమ్మునుండేదానికి గూడా ముక్కాలు గంట ఇస్తా.”

తలుపు మూసి నన్ను నిలబెట్టే చెప్పడం మొదలుపెట్టింది. తాను డాక్టరు కాదు. సూది లేదు, మాత్ర లేదు. తాను కిరస్తానమే కానీ ఇక్కడ ప్రార్థన చేయదు, నా దేవుణ్ణి నేను బయట చూసుకోవాలి. ఏం చేయాలో తాను చెప్పదు, అది అడిగి లాభం లేదు. మంగళవారం పదకొండు నుంచి ముక్కాలు గంట నాది. ఆలస్యంగా వస్తే పోయిన నిమిషాలు పోయినట్టే. నేను ఏడుస్తున్నా సరే, టైమైతే లేచి నిలబడుతుంది. బజార్లో కనిపిస్తే తాను పలకరించదు, నేను పలకరిస్తే పలుకుతుంది. ఇంట్లో పెళ్లికి పిలవకూడదు, పిలిచినా రాదు.

“ఇంకోటి. మొదట్లో నీకు ఇప్పటికంటే ఎక్కువైతాది. పుండు కడిగితే మండినట్టే. అప్పుడు నన్ను తిట్టుకో. మానుకోవాలంటే మానుకో, అది నీ ఇష్టం. కానీ ఈడికొచ్చి, మానుకుంటాండా అని నా ముఖానే చెప్పి మానుకో.”

నేను తలూపాను. చివరి మాట చెప్పే ముందు ఆమె ఒక అడుగు దగ్గరికొచ్చింది.

“ఈడ నువ్వు చెప్పింది ఈ గోడలు దాటదు. మీ నాయన నా కాళ్లు పట్టుకున్నా చెప్పను. ఒక్కదానికి మాత్రం ఈ మాట పనిచేయదు. ప్రాణం. నీదైనా సరే, ఇంకొకరిదైనా సరే. అది పోయేటట్టుంది అని నాకు తెలిస్తే గమ్మునుండను. చెప్పాల్సినోళ్లకు చెప్తా. నీకు చెప్పే చెప్తా, దొంగతనంగా చెప్పను. ఇదంతా ఇష్టమైతే కూర్చో.”

అప్పటికి మా ఇంటి గాదె వెనక చేనికి కొట్టే మందు డబ్బా ఒకటి దాచి ఉంది. దాచింది నేనే. పాప పోయి ఏడాది తిరిగే రోజు కోసం. ఆ సంగతి ఆమెకు చెప్పకూడదని ఆ నిమిషంలోనే నిర్ణయించుకుని, స్టూలు మీద కూర్చున్నాను.

రెండు మంగళవారాలు వానల గురించి, శనగ ధర గురించి, మా ఎద్దు కుంటుతున్న సంగతి గురించి మాట్లాడాను. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని ఎద్దు కుంటును కూడా అంతే శ్రద్ధగా వినేది. మూడో వారం నా వల్ల కాలేదు. కళ్లం సంగతి మొత్తం చెప్పాను. చెంబు సంగతి చెప్పాను. ఆమె ఒకే ఒక ప్రశ్న వేసింది.

“బిడ్డ చేతికి చెంబు యాడిది?”

ఏమో, ఆడుకుంటూ తెచ్చుకునుంటుందన్నాను. ఊఁ అంది. టైమైంది. నేను వెక్కుతుండగానే లేచి నిలబడింది. రాతిగుండె మనిషి అనుకుంటూ బయటపడ్డాను.

చెప్పినట్టే, ఆ తర్వాత నాకు ఎక్కువైంది. ట్రాక్టరు చప్పుడు రెండు వీధుల అవతల వినపడ్డా చెమటలు పట్టేవి. నాలుగో వారం పోలేదు. నాయన రాని ఆ రోజు ఒక్కణ్ణే నంద్యాల దాకా బస్సెక్కి పోయి, బస్టాండులోనే తిరుగుతూ ఉండిపోయాను. సాయంత్రం అక్కడే ఆమె కనిపించింది. బండి దగ్గర నిలబడి, కాగితంలో మిరపకాయ బజ్జీలు పెట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ ఇష్టంగా తింటోంది. నన్ను చూసింది. బజ్జీల బండి వెనక గోడను చూసినట్టు చూసింది. మళ్లీ బజ్జీలో పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా గుండె చీల్చి చూపించింది ఈమెకేనా అనుకున్నాను. నేను పలకరిస్తే పలికేదే. ఆ సంగతి అప్పుడు తోచలేదు.

ఐదో వారం మానుకుంటున్నానని చెప్పడానికి పోయాను. నాయన ఎప్పటిలాగే కానుగ కింద కూర్చున్నాడు. ఏడాది తిరగడానికి అప్పటికి పద్దెనిమిది రోజులుంది. నేను నిలబడే చెప్పాను, మానుకుంటాండా అని.

“మంచిది. మానుకొని ఏం చేస్తావ్?”

అడిగింది మామూలుగానే. నా నోటికి ఏమొచ్చిందో నాకే తెలియలేదు. ఇంక చేసేదేమీ లేదు, అన్నీ మానుకుంటాండా అన్నాను. ఆమె ముఖం మారలేదు. చేతులు మాత్రం ఒళ్లో నుంచి మోకాళ్ల మీదికి వచ్చాయి.

“చచ్చిపోదామనుకుంటాండావా?”

మా ఇంట్లో ఆ మాట గాలికి కూడా అనరు. ఆమె మాత్రం, అన్నం తిన్నావా అని అడిగినంత సూటిగా అడిగింది. అబద్ధం చెప్పడానికి వీల్లేకుండా అడిగింది. తలూపాను. దేంతో, ఎప్పుడు, యాడ పెట్టినావ్ అని ఒక్కొక్కటే అడిగింది. ఒక్కొక్కటే చెప్పాను. చెబుతుంటే సిగ్గేసింది, కాస్త తేలిక కూడా అయింది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. ఆమె కిటికీ దగ్గరికి పోయి టైంపీసును మాకు కనిపించకుండా తిప్పి పెట్టింది. నేను చూసినంతలో ఆమె అలా చేసింది ఆ ఒక్కసారే.

“ఇప్పుడు బయటికి పోయి ఇది మీ నాయనకు చెప్పాల. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

అప్పుడు అరిచాను. పదకొండు నెలలుగా లోపల పెట్టుకున్న అరుపంతా అరిచాను. ఈ గోడలు దాటదన్నావు, నమ్మించి గొంతు కోస్తావా, నువ్వేం మనిషివి అన్నాను. రాయకూడని మాటలు కూడా అన్నాను. స్టూలు ఎత్తి గోడకేసి కొట్టాను. ఆమె వెనక్కి జరగలేదు. అంతా అయ్యాక, మెల్లగా, మొదటి రోజు చెప్పినట్టే చెప్పింది.

“నువ్వు కూర్చోకముందే చెప్పినా. విన్నావు, కూర్చున్నావు. ఇప్పుడు నువ్వు తిడితే పడతా. నువ్వు పోతే మాత్రం పడలేను. నువ్వా, నేనా? మూడోది లేదు.”

నేనే చెప్తానన్నాను. తలుపు తీశాను. బయట మా నాయన నేల మీద మోకరించి, రెండు చేతులూ జోడించి, కళ్లనీళ్లు కారుస్తూ తలుపు వైపు దండం పెడుతున్నాడు. నా అరుపులు, గోడకు స్టూలు తగిలిన చప్పుడు విని, నన్ను పట్టినది ఇన్నాళ్లకు వదిలిపోతోందని సంబరపడుతున్నాడాయన. నన్ను చూడగానే, పోయిందా నాయనా అన్నాడు. ఆ ముఖం చూసి ఆ మాట చెప్పడం కంటే కష్టమైన పని నేను చేయలేదు. టీచరమ్మ గడప దగ్గర నిలబడింది. నా బదులు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

“నాయనా, గాదె వెనక మందు డబ్బా దాచినా. తాగాలని.”

నాయన జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. చాలాసేపటికి లేచి నా మణికట్టు పట్టుకున్నాడు. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా బస్సులో ఆ పట్టు వదల్లేదు. టికెట్టు డబ్బులు ఒంటి చేత్తోనే తీశాడు. ఇంటికి రాగానే డబ్బా తీసుకుపోయి ఎవరికీ దొరకకుండా చేశాడు. టీచరమ్మ ఆయనకు గట్టిగా చెప్పి పంపింది, మళ్లీ మంగళవారం దాకా వీణ్ణి ఒంటిగా వదలొద్దని, నిద్ర లేకపోవడానికి ఆస్పత్రిలో డాక్టరుకు కూడా చూపించమని. రెండూ చేశాడు. ఏడాది తిరిగే రోజున నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆ రోజు ఆయన పాప కోసం మొదటిసారి నా ముందు ఏడ్చాడు.

మంగళవారాలు రెండేళ్లు సాగాయి. ట్రాక్టరు అమ్మేశాం, నేను అంగడి పెట్టుకున్నాను. చివరి రోజున కాళ్లకు దండం పెట్టబోతే ఆమె కాళ్లు స్టూలు కిందికి లాక్కుంది. “నేను చేసింది వినడమే. నడిచింది నువ్వు” అంది. టైమైందని లేచింది.

ఇక్కడితో ఆపితే కథ బాగానే ఉంటుంది. కానీ మా వదిన ఉంది.

పాప పోయినప్పటి నుంచి వదిన ఎవరికీ చేత్తో నీళ్లిచ్చేది కాదు. గడప తొక్కినవాడికి ముందు చెంబుడు నీళ్లివ్వడం మా వైపు పద్ధతి. ఎండలో నడిచొచ్చిన చుట్టాలకు కూడా ఆమె కుండ చూపించేది, ముంచుకు తాగమని. చుట్టాలు ముఖాలు చూసుకునేవారు. బిడ్డ పోయాక పొగరు పట్టిందన్నారు కొందరు. అది నా మీది కోపమేనని, నేనున్న ఇంట్లో ఎవరికీ నీళ్లు పుట్టకూడదనే కసి అని నేను అనుకున్నాను. ఎనభైల నడుమ ఆమె అన్నం కూడా మానేస్తూ వచ్చింది. అన్న నన్ను అడిగాడు, నువ్వు పోయినచోటికి తీసుకుపోతావా అని. తీసుకుపోయాను.

వదినను లోపలికి పంపి, నన్ను బయట కూర్చోమంది టీచరమ్మ, మా నాయన కూర్చున్న చెట్టు కిందే. తలుపు మూసుకుంది. తలుపు వెనక నుంచి ఆ గొంతు సన్నగా వినిపించింది. కూర్చోవద్దు, ముందు విను. ఆ తర్వాత వదిన గొంతు. మాటలు తెలియడం లేదు. ఆరేళ్లుగా నాతో మాట్లాడని మనిషి లోపల నా గురించి చెబుతోంది. హంతకుడు అంటోందా? చచ్చినా క్షమించనంటోందా? నా చావుబతుకులు మళ్లీ ఆ గదిలోనే తేలుతున్నట్టు అనిపించింది. నాయన ఆ చెట్టు కింద ఏం పడ్డాడో అప్పుడు అర్థమైంది.

అలా పది నెలలు తీసుకుపోయాను. వదిన తిండి తినసాగింది. నాతో రెండు మాటలు, మూడు మాటలు కలిపింది. నీళ్లు మాత్రం ఇవ్వలేదు. ఉండబట్టలేక ఒకరోజు, వదిన బస్టాండు వైపు నడుస్తుండగా, నేను వెనక్కి తిరిగొచ్చి టీచరమ్మను అడిగాను. ఒక్క ముక్క చెప్పమ్మా, నా గురించి ఏమంటాంది అని. బతిమాలాను. నేను ఇంకా ఎన్నాళ్లు ఇలా ఉండాలి అన్నాను. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. అది తుడిచిందంటే ఆమెకు నిజంగా కష్టంగా ఉన్నట్టేనని నాకు తెలుసు.

“నీ ముక్కాలు గంట నీది. ఆమెది ఆమెది. చెప్పేదానికి ఆమెకు నోరుంది, అడిగేదానికి నీకు నోరుంది. నడుమ నేనెవరు?”

నాకు అడిగే నోరు లేకపోయింది. ఏళ్లు గడిచిపోయాయి.

మొన్న సున్నం కొడుతున్న గది చూసి ఇంటికొచ్చాను. వదిన అరుగు మీద చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. టీచరమ్మ పోయిందంట వదినా అన్నాను. చేట ఆగింది. తర్వాత, నా ముఖం వంక సూటిగా చూసి అడిగింది.

“నా సంగతి నీకేమన్నా చెప్పిందా అప్పా, ఎప్పుడన్నా?”

లేదన్నాను. నేను అడిగినా చెప్పలేదన్నాను. వదిన చేట పక్కకు పెట్టింది.

“నేను నీ గురించి ఏందీ చెప్పలేదప్పా ఆడ. నా గురించే చెప్పుకున్యా. ఆ పొద్దు చెంబు ఇచ్చింది నేనే. చిన్నాయనకు దప్పి అయితాంటాది, నీళ్లిచ్చి రా పో అని నేనే పంపినా. బిడ్డను నువ్వు పిలవలా. నేనే పంపినా దాన్ని.”

ముందుగా నాకు వచ్చింది దుఃఖం కాదు, కోపం. టీచరమ్మ మీద కోపం. జరిగినదాంట్లో నా సగం, వదిన సగం, రెండూ ఇన్నేళ్లు ఆ ఒక్క మనిషి దగ్గరే ఉన్నాయి. రెండూ కలిపి ఒక్క మాట చెప్పుంటే, ఒకే ఇంట్లో మేమిద్దరం దొంగల్లా తప్పుకు తిరిగే బాధ తప్పేది కదా. తర్వాత తోచింది. అలా చెప్పే మనిషైతే వదిన ఆమె ముందు నోరే విప్పేది కాదు. నేనూ విప్పేవాణ్ణి కాదు. ఆ సందులో మూసిన తలుపు వెనక ఎవరూ విప్పేవాళ్లు కాదు.

అరుగు మీద వదిన ఎదురుగా కూర్చున్నాను. చేటలోకి పోబోయిన చేతులను వెనక్కి తీసుకుని, ఒళ్లో ఖాళీగా పెట్టుకున్నాను. ఆమె చెప్పింది. నేను విన్నాను. పొద్దు వాలేదాకా విన్నాను. ఆ రోజు నాకు దప్పిక అయిందో లేదో నిజంగా జ్ఞాపకం లేదు. ఎంత తవ్వుకున్నా దొరకలేదు. అయినా చెప్పాను.

“దప్పిగానే ఉన్యాది వదినా ఆ పొద్దు. ఇప్పుడు గూడా ఉండాది.”

వదిన నన్ను చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది. కుండలో చెంబు మునిగిన చప్పుడు వినిపించింది. రెండు చేతులతో పట్టుకుని తెచ్చి నాకిచ్చింది. తాగాను.